ఒత్తు తప్పిన మాట

ఎర్ర సిరా పోలేదు.

తడి దూదితో మూడుసార్లు అద్దేసరికి కాగితమే పొర లేచింది. ఇంకోసారి రుద్దితే చిల్లు పడుతుంది. గుండుసూది చెయ్యి వెనక్కి తీసుకుని, దూదిని గుప్పిట్లో నలుపుతూ కూర్చుంది. ఎన్నికల ఖర్చుల తనిఖీ ఆఫీసులో ఆమెకు ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. కాగితాల్ని చెదిరిపోకుండా పట్టి ఉంచుతుందని కొందరు, వేలు పెడితే గుచ్చుకుంటుందని కొందరు అంటారు. ఈ ఆదివారం పొద్దున పది గంటలకు మాత్రం ఆమె ఎవరినీ గుచ్చే స్థితిలో లేదు.

భోజనాల బల్ల మీద నలభై ఒక్క ఉత్తరాలున్నాయి. పై మూడింటి మీద అత్తగారి ఎర్ర పెన్ను తిరిగింది. ఒక మాట చుట్టూ సున్నా, దాని నెత్తిన సరైన మాట, పక్కన మార్కులు. మొదటిదానికి పదికి నాలుగు. "అక్షరం ముత్యంలా ఉంది, శ్రద్ధ లేదు" అని కింద ఒక ముక్క కూడా. మూడోదానికి మార్కులు వెయ్యబోతుండగా కోడలు స్నానం చేసి బయటికొచ్చింది.

అత్తగారు ముప్ఫై ఆరేళ్లు బడిలో తెలుగు చెప్పిన పంతులమ్మ. ఆవిడ రిటైరై పద్నాలుగేళ్లయింది గానీ పెన్ను ఇంకా కాలేదు. మందులచీటీ, కరెంటు బిల్లు, పక్కవాళ్ల గృహప్రవేశం కార్డు, ఏది చేతికందినా దిద్దుతుంది. చేత్తో రాసిన కాగితాల దొంతర బల్లమీద కనబడితే, అది పరీక్ష పేపర్ల కట్ట కాదని ఆవిడకు ఎవరు చెప్పాలి?

"చెప్పి ఉంటే ముట్టుకునేదాన్నా?" అంది పంతులమ్మ. ఆవిడ గొంతులో తప్పు చేశానన్న భావం కన్నా చిన్నబుచ్చుకోవడమే ఎక్కువ ఉంది.

"చెప్పకూడదు అత్తయ్యా. అసలు ఇంటికే తేకూడదు."

ఆ మాట నిజం. ఫైళ్లు ఇంటికి తీసుకెళ్లకూడదన్న నియమం రెండేళ్ల కిందట ఆఫీసు గోడమీద అంటించింది ఈ గుండుసూదే. శుక్రవారం ఆఫీసులో కాపీలు తీసే మిషను పాడైంది. సోమవారానికి ఒక్కో ఉత్తరానికీ పట్టిక తయారు చెయ్యాలి. పై అధికారి రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని, "ఈ ఒక్కసారికి పట్టుకెళ్లమ్మా" అన్నాడు. ఆ ఒక్కసారే ఇలా అయింది.

దాపరికం ఎలాగూ పోయింది గనక గుండుసూది ఆవిడకు సంగతంతా చెప్పింది. వ్యవహారం చెప్పుకుంటే చిన్నదే. మనిషి తన సొమ్మును అభ్యర్థికి ఇవ్వొచ్చు, కంపెనీ ఇవ్వకూడదు. ఐదేళ్ల కిందట ఒక టైల్స్ ఫ్యాక్టరీ తన పనివాళ్లలో నలభై ఒక్క మందికి బోనస్ ఇచ్చింది. మర్నాడే ఆ నలభై ఒక్క మందీ ఆ బోనస్ మొత్తాన్ని ఒకే అభ్యర్థికి ఇచ్చేశారు. అభిమానంతో ఇచ్చామని ఎవరి చేత్తో వాళ్లు తలా ఒక ఉత్తరం రాసి పెట్టారు. అభ్యర్థి గెలిచాడు. పనివాళ్లను అడిగితే అభిమానం అన్నారు, ఫ్యాక్టరీని అడిగితే మా బోనస్ మా ఇష్టం అంది.

సొమ్ము ఇచ్చిన ఐదేళ్లలోగా కేసు పెట్టాలి, ఆ గడువు రేపు సాయంత్రం అయిదింటితో తీరిపోతుంది. ఆలోగా బోర్డులో ఉన్న నలుగురిలో ముగ్గురు చెయ్యెత్తాలి. ఇద్దరు ఎత్తుతారని తెలుసు. ఒకాయన ఏ ఫైలుకూ ఎత్తడు. మిగిలింది ఒక పెద్దావిడ. ఆఫీసులో అందరూ ఆవిడను మూడో చెయ్యి అంటారు. ముక్కుసూటి మనిషి. ఫోటో కాపీలను నమ్మదు, ఎవరు చెప్పిందీ నమ్మదు, తన కళ్లతో చూడాలి.

ఆ మూడో చెయ్యిని కదిలించింది ఒకే ఒక్క మాట. నలభై ఒక్క ఉత్తరాల్లోనూ అదే మాట, అవే రెండు తప్పులు. "అందరూ ఒకే కాగితం చూసి రాశారన్నమాట. సోమవారం అసలు ఉత్తరాలు చూపించు, చెయ్యెత్తుతాను" అందావిడ. ఎనిమిది నెలలుగా గుండుసూది చేసిన పని అంతా ఆ మాట మీద నిలబడి ఉంది. ఇప్పుడు అత్తగారు దాన్ని మూడుచోట్ల దిద్దేసింది.

"అంత పెద్ద తప్పు చేస్తే దిద్దకుండా ఎలా ఉంటాను?" అని పంతులమ్మ ఉత్తరాన్ని తనవైపు తిప్పుకుని చదివింది. "ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వచ్చంధంగా... చూడు. చ కింద ఒత్తు ఛ ఉండాలా? మామూలు చ వేశాడు. అక్కడ ఎగ్గొట్టిన గీతను తెచ్చి ద కింద పెట్టాడు. ఒత్తు ఇల్లు తప్పి పక్కింట్లో దూరింది. ఒత్తిడి లేదట గానీ, ఒత్తు మాత్రం..."

అక్కడ ఆగిపోయింది.

రెండో ఉత్తరం తీసింది. మూడోది తీసింది. కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. ఇందాక దిద్దింది చెయ్యి. చూడడం ఇప్పుడే మొదలైంది.

కొంచెంసేపటికి పెన్నుకు మూత పెట్టి, మోకాళ్ల నొప్పిగా ఉంది, పడుకుంటానని లేచింది.

"అత్తయ్యా, ఇది ఎవరి తప్పు?"

"నలభై ఒక్క మందిదీ అన్నావుగా."

"మీరు ఎవరినో గుర్తుపట్టారు."

"వేలమందికి చెప్పాను. ఏ క్లాసులో ఏ వెధవో. ఎవరికి గుర్తుంటుంది?"

పంతులమ్మ అబద్ధం ఆడడం కోడలు చూడడం అదే మొదటిసారి. ఆవిడకు అలవాటు లేదు, కోడలి వైపు చూడకుండా గుమ్మం వైపు తిరిగి చెప్పింది. పైగా తన క్లాసులో ఎవడు ఏ అక్షరం ఎలా రాసేవాడో నలభై ఏళ్ల తర్వాత కూడా పేరుతో సహా చెప్పే మనిషి ఆవిడ. ఎనిమిది నెలలుగా జనాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలడిగే గుండుసూదికి, ఈ అబద్ధం కింద ఏముందో తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. 

వెధవ అని ఆవిడ ప్రేమగా పిలిచేది ఈ లోకంలో ఒక్కణ్ణే.

గుండుసూది భర్త దస్తావేజులు రాస్తాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు వీధిలో అతని షాపు. పెళ్లయిన పదిహేడేళ్లలో భార్యకు చీటీలు బోలెడు రాశాడు. పాలు తెమ్మని, గ్యాస్ బుక్ చెయ్యమని, ఆలస్యమవుతుందని. వాటిలో ఆ మాట అవసరం ఎప్పుడూ పడలేదు. మొగుడూపెళ్లాల చీటీల్లో దానికి చోటెక్కడుంటుంది?

కానీ ఒకచోట రాశాడు. అది గుర్తొచ్చి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె నాలుగంతస్తుల మెట్లూ దిగింది.

కింద లిఫ్టు పక్కన నోటీసు బోర్డు ఉంది. అపార్టుమెంటు సంఘం కార్యదర్శి హోదాలో భర్త రెండేళ్ల కిందట అంటించిన నోటీసు ఇంకా దానిమీదే ఉంది. రంగు వెలిసింది గానీ రాత స్పష్టంగానే ఉంది. లిఫ్టు మరమ్మతు కోసం ఫ్లాటుకు ఇంత చొప్పున స్వచ్చంధంగా చెల్లించగలరు. చ కింద గీత లేదు. ద కింద ఉంది. రోజూ పొద్దునా సాయంత్రం దాని ముందు నిలబడి లిఫ్టు కోసం ఎదురుచూసింది. తన వాటా ముందే కట్టేసింది కాబట్టి ఎప్పుడూ పట్టి చదవలేదు.

పాలప్యాకెట్లు, పేపరు పట్టుకుని భర్త గేటు తీసుకుని వచ్చాడు. ఆమె కాళ్లవైపు చూసి, "ఏంటి, చెప్పులు కూడా మీ ఆఫీసువాళ్లు జప్తు చేశారా?" అన్నాడు.

ఆమె నవ్వలేదు. నోటీసు మీద ఆ మాట కింద వేలు పెట్టింది.

"టైల్స్ ఫ్యాక్టరీకి ఉత్తరం రాసిచ్చారా?"

ఆ ఇంట్లో ఇద్దరి పనీ గుమ్మం బయటే వదిలెయ్యాలని పెళ్లయిన కొత్తలోనే అనుకున్నారు. ఆమె ఏ ఫైలు చూస్తోందో అతనికి తెలియదు. అతను ఎవరికేం రాస్తున్నాడో ఆమె అడగదు. పదిహేడేళ్లు దాన్ని గొప్ప కట్టుబాటు అనుకున్నారు. ఇప్పుడు ఆ ప్రశ్న వినగానే అతను పాలప్యాకెట్లను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఒక్క కాగితం. నమూనా. మేనేజరు వచ్చి అడిగాడు. పనివాళ్లు అభ్యర్థికి ఏదో ఇస్తున్నారు, పద్ధతిగా ఉండేలా నాలుగు వాక్యాలు రాసివ్వమన్నాడు. రాశాను."

"ఎందుకిస్తున్నారో అడగలేదా?"

"లేదు."

"ఎందుకని?"

"అడిగితే చెబుతాడని భయమేసింది."

 లిఫ్టు కిందికి వచ్చి, తలుపు తెరుచుకుని, ఎవరూ ఎక్కకపోతే మూసుకుంది. అప్పుడతను చెయ్యి చాచి నోటీసు మూల పట్టుకున్నాడు. చింపబోతున్నాడని ఆమెకు అర్థమైంది.

"ముట్టుకోకండి. అది ఇప్పుడు మీది కాదు. సాక్ష్యం."

అతను మూల వదిలేశాడు. ఆమె మెట్లెక్కింది. అతను లిఫ్టు ఎక్కకుండా వెనకే నడిచాడు.

పంతులమ్మ పడుకోలేదు. బల్ల దగ్గరే కూర్చుని ఉంది. ఇద్దరి మొహాలూ చూసి, "వాడేనా?" అని మాత్రం అడిగింది.

తర్వాత చాలా మాటలు దొర్లాయి. మేనేజరు ఆ కాగితానికి అందరూ ఇచ్చేదే ఇచ్చాడనీ, పైసా ఎక్కువ ఇవ్వలేదనీ భర్త చెప్పాడు. కాకపోతే ఆ నెల నుంచి ఫ్యాక్టరీ లీజులు, గోడౌను అగ్రిమెంట్లు, అన్నీ తన షాపుకే వస్తున్నాయన్నాడు. షాపు నిలదొక్కుకున్నది దానివల్లే. అమ్మ రెండు కళ్లకూ ఆపరేషన్ చేయించింది కూడా ఆ ఏడాదే. అది విని పంతులమ్మ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టేసింది. మళ్లీ పెట్టుకోలేదు.

గుండుసూది ఏడవలేదు గానీ, ఏడిస్తే బాగుండుననిపించింది. ఆ నమూనా రాసినవాడు దొరికితే ఫ్యాక్టరీ దొరికినట్టేనని ఎనిమిది నెలలుగా అనుకుంటోంది. ఎన్ని ఊళ్లు తిరిగింది, ఎంతమంది గుమ్మాల్లో నిలబడింది. అతను రోజూ పక్కనే కూర్చుని భోంచేస్తున్నాడు. కూర బాగుందనేవాడు కూడా.

"నేను రేపు వచ్చి చెప్పేస్తాను. మేనేజరు అడిగాడు, నేను రాశాను అంటాను. అయిపోతుంది కదా?" అన్నాడు భర్త.

"అవదు."

"నిజమే చెబుతాగా."

"చెప్పేది ఎవరు? నా మొగుడు. ఉత్తరాలు పట్టుకున్నది ఎవరు? నేను. మీదంతా ఇంట్లో కూర్చుని అల్లుకున్న కథ అంటారు వాళ్ల లాయర్లు. అబద్ధమని తేల్చక్కర్లేదు, ఆ మాట అంటే చాలు."

పోనీ ఫైలు ఇంకొకరికి ఇచ్చెయ్యమని అత్తగారు అంది. ఇవ్వొచ్చు. ఇవ్వాలి కూడా, ఈ క్షణమే. కానీ కొత్తగా వచ్చినవాళ్లు పదకొండు వందల పేజీలు చదవడానికే నెల పడుతుంది, గడువు రేపు సాయంత్రం. చెప్పకుండా దాచి రేపు బోర్డు ముందు పెడితే మూడో చెయ్యి లేస్తుంది. ఆ తర్వాత ఎవడో ఒకడు బయటపెడతాడు, ఫైలుతో పాటు ఆమె ఉద్యోగమూ పోతుంది. ఎటునుంచి లెక్క వేసినా చివరికి ఫ్యాక్టరీ నవ్వుతూ బయటికొస్తోంది. పై మూడు ఉత్తరాల మీది ఎర్ర సిరా దీనిముందు ఒక సమస్యే కాదు. పొద్దున దానికే ప్రాణం పోయినంత పని అయింది.

"మరి ఇవ్వకూడని సొమ్ము ఇచ్చినవాడికి ఏమీ కాదా?" అంది పంతులమ్మ.

"కాదు అత్తయ్యా."

"తీసుకున్నవాడికి?"

"ఆయన గెలిచాడుగా."

 పంతులమ్మకు తెలిసిన లోకంలో తప్పు కనబడితే చుట్టూ సున్నా చుడతారు. చుట్టాక ఏమవుతుందన్నది ఆవిడ ఎప్పుడూ ఆలోచించాల్సి రాలేదు.

ఎవరూ వంటింట్లోకి వెళ్లలేదు. పాలప్యాకెట్లు బల్లమీదే చెమర్చి, కింద నీళ్లు చేరాయి. ఉత్తరాలు తడవకుండా భర్త వాటిని జరపబోయి, తాకొచ్చో లేదో తెలియక చెయ్యి ఆపాడు. ఆమే జరిపింది. అలా జరుపుతూ, ప్రశ్నలడగడం వృత్తి గనక, ఇంకా అడగని ప్రశ్న ఒకటి మిగిలిందని తట్టింది.

"మీ వీధిలో దస్తావేజులు రాసే షాపులెన్ని?"

"పద్నాలుగు."

"ఆఫీసు గేటు నుంచి వస్తే మీది ఎన్నోది?"

"చివరిది. నీకు తెలుసుగా."

"అంతకుముందు ఆ మేనేజరు మీకు తెలుసా?"

"లేదు. అదే మొదటిసారి రావడం."

అని చెప్పాక అతనికీ తట్టింది.  నెమ్మదిగా, ఒక్కో మాటా గుర్తు తెచ్చుకుంటూ చెప్పాడు. "కూర్చున్నాక నీ గురించి అడిగాడు. మేడమ్ గారు ఇంకా అదే ఆఫీసులో ఉన్నారా అని. ఉన్నారన్నాను. సంతోషం అన్నాడు."

పదమూడు షాపులు దాటి వచ్చాడు. ఐదేళ్ల కిందట, ఫైలు పుట్టకముందే, ఎవరూ ఫిర్యాదు చెయ్యకముందే, ఎప్పటికైనా ఎవరు తవ్వుతారో ఆలోచించి, ఆ మనిషి మొగుడి చేతే రాయించాడు. వాళ్లు దాచుకున్నది డబ్బును కాదు, తననే అని గుండుసూదికి అర్థమైంది. ఇన్నాళ్లూ తను వాళ్లను పట్టుకోబోతున్నాననుకుంది. వాళ్లు ఐదేళ్లుగా తనను జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు.

"నాకు తెలియదు," అన్నాడు భర్త. "నిజంగా తెలియదు."

ఆమె నమ్మింది. నమ్మినందువల్ల ఏ ఉపయోగమూ లేదు.

తెల్లకాగితం ఒకటి తీసింది. పై అధికారికి రాయాలి. ఎర్ర సిరా సంగతి, నమూనా సంగతి, భర్త సంగతి. ఏదీ దాచకుండా రెండు పేరాల్లో రాసింది. ఇక చివరి వాక్యం. ఫైలు వదులుకునేవాళ్లందరూ రాసే వాక్యమే, ఎన్నోసార్లు ఇతరుల కాగితాల్లో చదివింది. నేను ఎవరి ఒత్తిడీ లేకుండా... అక్కడిదాకా రాసి ఆగింది. ఆ మాట ఎలా రాయాలో తెలియలేదు. ఎనిమిది నెలలు నలభై ఒక్క చేతుల్లో తప్పు చూసి చూసి ఒప్పు మర్చిపోయింది.

"అత్తయ్యా, ఒత్తు దేనికి?"

పంతులమ్మ కళ్లజోడు లేకుండానే కోడలి వైపు చూసింది. "చ కిందమ్మా," అంది.  "ద కి వద్దు."

గుండుసూది అలాగే రాసింది. స్వచ్ఛందంగా. సంతకం పెట్టబోతుండగా ఫోను మోగింది.

మూడో చెయ్యి. ఆవిడ ఆదివారాలు ఎవరికీ ఫోన్ చెయ్యదు. రేపటిదాకా ఆగలేకపోయానని చెప్పింది. అసలు ఉత్తరాలు మీ ఇంట్లోనే ఉన్నాయని మీ పై అధికారి అన్నాడు, ఇటువైపే పనిమీద వచ్చాను, ఒక పావుగంట చూసి వెళ్లిపోతాను, ఇబ్బందా అని అడిగింది.  గుండుసూది అవునని గానీ కాదని గానీ చెప్పకముందే ఆవిడ అంది:

"కిందే ఉన్నానమ్మా, లిఫ్టు దగ్గర. ఏ అంతస్తు మీది?"

"నాలుగు," అంది గుండుసూది.

"వస్తున్నా. లిఫ్టు ఇంకా దిగలేదు."

ఫోన్లో లిఫ్టు మోత వినిపించింది. తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఎక్కిన అడుగుల చప్పుడు మాత్రం రాలేదు. తలుపు మూసుకుంది. ఆవిడ ఊపిరి వినబడుతోంది, ఏదో చదువుతున్నట్టు.

"ఈ నోటీసు..." అంది మూడో చెయ్యి. గొంతు మారిపోయింది. "ఇది రాసినాయన ఏ ఫ్లాటులో ఉంటారు?"

గుండుసూది భర్త వైపు చూసింది. అతను అప్పటికే లేచి నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.